మాటలెక్కడ పోతున్నాయి

ఆఫీసు, మెట్ల పక్క గది
వానలు మొదలైన వారం

చిట్టీ,

సముద్రం అడుగున తెగిన కేబుళ్ళు అతికే నీకు మా మూలనున్న బుల్లి రౌటర్ గురించి రాయాలంటే నాకే నవ్వొస్తోంది. కానీ అడగడానికి నాకు ఇంకెవరున్నారు చెప్పు. ఫోన్ మాత్రం చెయ్యకు. ఓడ నుంచి నీ గొంతు ముక్కలు ముక్కలుగా వస్తుంది, సగం అర్థం కాదు. ఉత్తరమే రాయి, నింపాదిగా చదువుకుంటాను.

ఈమధ్య మాకు కుటుంబ కోర్టులో ఒక పని వచ్చింది. మామూలుగా మేం చేసేదే. వినబడనివాళ్ళ కోసం, అవతల మాట్లాడేది హెడ్‌ఫోన్లో వింటూ టైపు చేస్తాం, అది వాళ్ళ ముందున్న తెర మీద అక్షరాలుగా పడుతుంది. ఈసారి మనిషి ఒక దర్జీ. అందరం దర్జీ అమ్మ అంటాం. పెళ్ళయిన కొత్తలో జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయట. మాట స్పష్టంగానే ఉంటుంది, చదువుతుంది, కానీ వినబడదు. ఒక్కగానొక్క కూతురు, అల్లుడు ప్రమాదంలో పోయారు. వాళ్ళ పాప ఈవిడ దగ్గరే పెరుగుతోంది. ఇప్పుడు పాప పెదనాన్న, పిల్లని తనకిమ్మని కేసు వేశాడు. ఆయన వకీలు చెప్పేదంతా ఒకటే ముక్క: వినబడని మనిషి చంటిపిల్లని ఎలా చూసుకుంటుంది?

ఆ హాలు చిన్నది. ఆవిడ పక్కన మా మనిషి ఒక్కరికే చోటిచ్చారు. అక్కడ మా మెరుపు కూర్చుంది. (వేళ్ళు మెరుపులా కదుపుతుందని ఆ పిల్లకి నేనే పెట్టిన పేరు.) టైపు చేసేది ఇక్కడ ఆఫీసులో నేను. విచారణలో మాట బయటికి పొక్కకూడదు గనుక, గొంతూ అక్షరాలూ వీపీఎన్ అనే తాళమేసిన దారిలోనే రావాలీ పోవాలీ అని రిజిస్ట్రార్ షరతు పెట్టారు. సరే, మన రౌటర్లో ఉన్నదే వాడాం.

ఏం జరిగిందో విను. జడ్జిగారు అడిగారట: "పాప పొద్దున్నే లేవనని మారాం చేస్తే ఏం చేస్తారమ్మా?" అది తెర మీదికి రావడం ఆలస్యమైంది. ఈలోగా అవతలి వకీలు అడిగాడు: "పిల్లకి జ్వరం ముదిరితే ఏం చేస్తారు?" అప్పుడే దర్జీ అమ్మకి మొదటి ప్రశ్న కనబడింది. ఆవిడ నవ్వుతూ, "కాసేపు పడుకోనిస్తానండీ, ఆ తర్వాత చక్కిలిగింతలు పెడతాను" అంది.

హాల్లో నవ్వారు. "చూశారా, మహాప్రభో" అన్నాడట వకీలు. ఆవిడకి ఎందుకు నవ్వారో కూడా తెలియలేదు. మెరుపు ఆఫీసుకొచ్చి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. అక్కడక్కడా కొన్ని మాటలు తెర మీద పడనే లేదట కూడా.

వచ్చే నెల మళ్ళీ వాయిదా ఉంది. ఈ రౌటర్ సంగతేదో తేల్చు తల్లీ.

నీ అక్క


ఓడ మీద, కేబుల్ గది

అక్కా,

శాటిలైట్ దయ తలిచినప్పుడే మా ఉత్తరాల మూట దిగుతుంది, అందుకే ఆలస్యం. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

రౌటర్ సెట్టింగుల పేజీ ఫోటోలు పంపావు చూడు, మంచి పని చేశావు. అందులో రెండు వీపీఎన్లు ఉన్నాయి. ఒకటి పీపీటీపీ అనే పాతకాలపు రకం. ఇళ్ళ నుంచి టైపు చేసేవాళ్ళ కోసం ఎవరో ఏనాడో పెట్టి వదిలేశారు. అది ఈ చేత్తో చదువుతూ ఆ చేత్తో తీసెయ్యి. గొళ్ళెం పెట్టి తాళం వెయ్యని తలుపు లాంటిది, తెలిసినవాడు తోస్తే తెరుచుకుంటుంది. అది ఉందని రిజిస్ట్రార్‌కి తెలిస్తే మీ ఆఫీసుని గడప తొక్కనివ్వడు.

రెండోది ఓపెన్‌వీపీఎన్. నమ్మకస్తురాలే. కానీ మీకు పెట్టినవాడు దాన్ని టీసీపీ మీద నడిపిస్తున్నాడు. టీసీపీ ఎలాంటిదంటే, దారిలో ఒక్క ముక్క తప్పిపోయినా దాన్ని మళ్ళీ తెప్పించి, వరస కలిపి గానీ తర్వాతివి అందించదు. పెళ్ళి పందిట్లో ఒక్క చుట్టం రాలేదని భోజనాలు ఆపినట్టు. పైగా ఆ తాళాలేసే లెక్కలు చెయ్యడానికి మీ బుల్లి రౌటర్‌కి ఒంట్లో అంత సత్తువ లేదు. మెరుపు పట్టుకెళ్ళిన కెమెరాలోంచి హాలు వీడియో కూడా దాని మీదే పంపారు కదా, ఆలస్యం కాక ఏమవుతుంది?

వైర్‌గార్డ్ అని ఉంది. చాలా తేలిక, బుల్లి రౌటర్ కూడా మోయగలదు. యూడీపీ మీద నడుస్తుంది, ఎవరి కోసమూ ఆగదు. రౌటర్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే మెనూలో అదే కనబడుతుంది. ఎలా చెయ్యాలో బొమ్మలు గీసి దీనితో పెడుతున్నాను. కోర్టుకి పట్టుకెళ్ళే చిన్న రౌటర్లోనూ అదే పెట్టు. తొందరపడి ఓపెన్‌వీపీఎన్‌ని చెరపకు, అలా పడి ఉండనీ.

ఒక్కటి మాత్రం నాకు కొరుకుడు పడడం లేదు. కొన్ని మాటలు తెర మీద పడనే లేదన్నావు. టీసీపీ ఆలస్యం చేస్తుందే గానీ మాటని మింగదు. ఆలస్యమైతే అన్నీ ఆలస్యం కావాలి. మరి ఆ మాటలెక్కడ పోతున్నాయి?

నీ చిట్టి


ఆఫీసు, మెట్ల పక్క గది
భోజనాల వేళ

చిట్టీ,

పీపీటీపీని తీసేశాను. నీ బొమ్మలు ముందు పెట్టుకుని వైర్‌గార్డ్ పెట్టాను. మొదటి రోజు చూడాలి! కోర్టు రౌటర్ని పక్కింటి నెట్‌కి తగిలించాం, ఇక్కడ మీట నొక్కితే అక్కడ అక్షరం. మెరుపు చప్పట్లు కొట్టింది. మనింట్లో ఇంజనీరువి నువ్వొక్కదానివే అనుకోకు ఇక.

ఆ సంబరం ఎంతసేపో నిలవలేదు. మర్నాడు మెరుపు ఇంటి నుంచి టైపు చేస్తుంటే మాటిమాటికీ తెగిపోవడం. తనకి తెగినప్పుడు కోర్టు రౌటర్‌కి కలుస్తుంది, దానికి తెగినప్పుడు తనకి కలుస్తుంది. ఇద్దరు పిల్లలు ఒక్క ఉయ్యాల కోసం కొట్టుకున్నట్టు. నీ వైర్‌గార్డ్ నా ప్రాణం తోడేస్తోంది. ఎంతో గొప్పదన్నావు, ఇదేనా?

నిన్న దర్జీ అమ్మ తనే ఆఫీసుకొచ్చింది. పాపని వెంట తెచ్చింది. కాగితం మీద నేను రాస్తుంటే, ఆవిడ పైకి మాట్లాడింది.

"అమ్మా, ఆ రోజు నేనేమన్నానో తర్వాత ఈ అమ్మాయి చెప్పింది. అప్పట్నుంచీ నాకు ముద్ద దిగడం లేదు. నా వల్ల తప్పు జరిగిందా?"

"మీ తప్పు కాదు, మా మిషను తప్పు" అని రాశాను.

"అయితే బాగు చెయ్యండమ్మా. నాకు తెలివి లేదనుకున్నా పర్లేదు. నాకు ప్రేమ లేదనుకుంటే మాత్రం తట్టుకోలేను."

పాప నా బల్ల మీది రంగు పెన్సిళ్ళన్నీ వరసగా పేర్చి, ఒకటి జేబులో వేసుకుని వెళ్ళింది. చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

తెగిపోవడం సంగతి చెప్పు త్వరగా.

నీ అక్క


ఓడ మీద, కేబుల్ గది

అక్కా,

మెరుపు ల్యాప్‌టాప్‌లోకి కోర్టు రౌటర్ సెట్టింగులే కాపీ చేశావు కదూ? తిట్టను, ఒప్పుకో. వైర్‌గార్డ్ మనుషుల్ని తాళం చెవిని బట్టి గుర్తు పడుతుంది. ఒకే చెవి ఇద్దరి దగ్గర ఉంటే, ఎవరు చివర పలకరిస్తే వాళ్ళే అసలు మనిషి అనుకుంటుంది. అందుకే ఆ ఉయ్యాల గొడవ. ప్రతి మిషనుకీ దాని చెవి దానికి విడిగా చేయించు, లోపలి అడ్రసు కూడా ఎవరిది వాళ్ళకే. అయిపోతుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. పోయిన ఉత్తరంలో నేనడిగినదానికి నువ్వు జవాబు రాయలేదు. చివర అడిగాను కాబట్టి చూడలేదని నా చెవిలో పువ్వు పెట్టకు. ఉత్తరాలు నువ్వు అడుగు దాకా చదివే మనిషివి.

ఆ రోజు అచ్చయిన అక్షరాలు పంపమని మెరుపుని అడిగాను. కేసు సంగతులు బయటికి పంపకూడదంది, అదీ నిజమే. అయితే ఎవరి మాటలు తప్పిపోయాయో అదొక్కటీ చెప్పమన్నాను. "జడ్జిగారివి. ఆయనది బొంగురు గొంతు" అంది. ఇంకేదో అడగబోతే, "మేడమ్‌నే అడగండి" అని ఉత్తరం ముగించింది.

అక్కా, ఏ రౌటరూ గొంతు బొంగురుదా సన్నందా అని చూసి మాటలు పోగొట్టదు. నన్ను ఫోన్ చెయ్యొద్దన్నావు. నాతో గంటలు గంటలు మాట్లాడే మనిషివి.

ఏ చెవి?

చిట్టి


ఇల్లు, వంటగది

చిట్టీ,

ఎడమది. కుడిది కూడా మొదలైందేమో అని నా అనుమానం.

చాలా రోజులు రాయాలా వద్దా అని తన్నుకులాడాను. నీకు రాసేస్తే అది నిజమైపోతుందనిపించింది. లావు గొంతులు ముందు పోయాయి. గది మూలల్లోంచి మాట్లాడితే మూట కట్టిన మాటలా వస్తుంది. హెడ్‌ఫోన్ సౌండు పెంచుతూ పెంచుతూ ఇక పెంచడానికి చోటు లేకుండా పోయింది. వినే పని చేసి బతికేదాన్ని, నాకు వినబడడం లేదని ఎవరితో చెప్పుకోను? ఆఫీసు మూసుకోవాల్సి వస్తుందని భయం. డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన ఏమంటాడో అని ఇంకా భయం. దర్జీ అమ్మని తలుచుకున్నప్పుడల్లా, రేపటి నేను ఇదే అనుకుంటున్నాను.

మెరుపుకి తెలుసని నాకూ తెలియదు. ఆ పిల్ల నోరు విప్పలేదు చూడు.

ఒక నిర్ణయం తీసుకున్నాను. వాయిదా రోజు హెడ్‌ఫోన్ పెట్టుకునేది మెరుపు. నేను కోర్టుకి వెళ్ళి దర్జీ అమ్మ పక్కన కూర్చుంటాను. అది ఆవిడ జీవితం, నా బింకం కోసం పణం పెట్టలేను.

కానీ ఇంకో ముప్పు వచ్చి పడింది. చెవులన్నీ విడివిడిగా చేయించాక ఆఫీసులో, ఇళ్ళలో బ్రహ్మాండంగా నడుస్తోంది. సరేనని చిన్న రౌటర్ పట్టుకుని కోర్టుకి వెళ్ళి చూశాను. అస్సలు కలవలేదు. ఎన్నిసార్లు ఆపి పెట్టినా అంతే. అక్కడి టెక్నీషియన్, "కొత్తగా కాపలా పెట్టాం మేడమ్, వెబ్‌సైట్లు తప్ప ఇంకేవీ బయటికి పోవు" అన్నాడు. వాయిదా దగ్గర పడింది. ఏం చెయ్యమంటావు?

అక్క


ఓడ మీద, పడక గది

అక్కా, నా అక్కా,

ముందు నీ చెవి. అవతలి వీధిలోనే చెవుల డాక్టరు ఉంది కదా. ఈ ఉత్తరం చదవగానే చెప్పులేసుకుని వెళ్ళు. లావు గొంతులు ముందు పోవడం అన్నది ఆవిడకి చెప్పడం మర్చిపోకు. నీ ఊహల్లో నువ్వే జబ్బు పేరు పెట్టుకుని నువ్వే ఏడవకు. నా మీద ఒట్టు.

నీ బింకం గురించి రాసిన చోట నేను చదవడం ఆపి డెక్ మీదికి వెళ్ళొచ్చాను. మా ఓడ పెద్దాయన, "ఇంటి దగ్గర అంతా బాగేనా?" అని అడిగాడు. "మా అక్క బాగుంటుంది" అన్నాను. చెప్పాక నాకే నమ్మకం కలిగింది.

ఇక కోర్టు కాపలా. నిరుడు ఒక రేవు ఆఫీసులో మాకూ ఇదే జరిగింది, దారి ఉంది. వైర్‌గార్డ్‌ది యూడీపీ అన్నాను కదా, ఆ కాపలావాడు యూడీపీని గుమ్మంలోనే ఆపేస్తున్నాడు. వెబ్‌సైట్లు వెళ్ళే దారి మాత్రం తెరిచి ఉంచాడు. 443 అని ఒక పోర్టు, తలుపు నంబరనుకో, అందులో టీసీపీ. చెరపొద్దన్న ఆ ముసలి ఓపెన్‌వీపీఎన్ ఉంది చూడు, దాన్ని ఆ పోర్టు మీద వినమని చెప్పు. నెమ్మది మనిషే, కానీ ఆ గుమ్మం దాటడం దానికే చేతనవును.

దొంగదారి అనుకోకు, టెక్నీషియన్‌కీ రిజిస్ట్రార్‌కీ ముందే చెప్పి, సరేనని కాగితం మీద సంతకం పెట్టించుకుని చెయ్యి. అడక్కుండా చేస్తే మనమే దొంగలమవుతాం.

రెండింటినీ ఇలా కలుపు. ఇళ్ళ నుంచి పనిచేసేవాళ్ళకి వైర్‌గార్డే. కోర్టు రౌటర్‌కి మాత్రం రెండూ పెట్టు. ముందు వైర్‌గార్డ్‌ని పలకరించాలి, అది పలక్కపోతే ఓపెన్‌వీపీఎన్. రెండూ ఒకేసారి తెరవకు, ఎటు పోవాలో తెలియక తికమక పడుతుంది. లోపలి అడ్రసుల వరస కూడా దీనికొకటి, దానికొకటి. ఒకటే వరస ఇస్తే జవాబులు దారి తప్పుతాయి.

మరి ఆలస్యం సంగతా? బరువు తగ్గించు. వీడియో వద్దే వద్దు. పాటలకి పెట్టే సౌండు కూడా వద్దు, ఫోన్ మాటకి సరిపడేంత సన్నని సౌండు చాలు. అంత తేలికైతే ఆ ముసలిదీ పరిగెడుతుంది. బొమ్మలు గీశాను. వాయిదాకి ముందే ఆ హాల్లోనే కూర్చుని ఒక పూట నడిపి చూడండి.

డాక్టరు ఏమందో రాయకుండా రౌటర్ గురించి రాశావో, ఊరుకోను.

నీ చిట్టి


ఆఫీసు, మెట్ల పక్క గది
వాయిదా మర్నాడు

చిట్టీ,

పాప ఆవిడ దగ్గరే ఉంటుంది!

ఇది ముందు రాస్తే గానీ నా చెయ్యి కదలదు. ఇప్పుడు వరసగా చెబుతాను.

రిజిస్ట్రార్ మొదట మొహం చిట్లించి, నువ్వు రాసిందంతా చదివి, "ఇంతకుముందు ఉన్నదానికన్నా ఇదే భద్రంగా ఉందే" అని సంతకం పెట్టారు. ముందు రోజు సాయంత్రం ఖాళీ హాల్లో నడిపి చూశాం. మెరుపు ఆఫీసు నుంచి "మేడమ్, మీ దగ్గు కూడా టైపు చేశాను" అని పంపింది.

నిన్న పొద్దున్న రౌటర్ పెట్టగానే వైర్‌గార్డ్ పలకలేదు. పలకదని తెలిసినా దీపాల వైపే చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి రెండో దీపం వెలిగింది, ఓపెన్‌వీపీఎన్ కలిసింది. తెర మీద "నేనున్నాను" అని మెరుపు మాట.

జడ్జిగారి గొంతు నాకు గాలి వీచినట్టు వినబడింది, అంతే. కానీ ఆయన పెదవులు ఆగేలోపే తెర మీద అక్షరాలు. దర్జీ అమ్మ చదివింది, పక్కనే నేనూ చదివాను. చిట్టీ, ఆ గదిలో ఆ తెర ఇద్దరికి కావాలని ఎవరికీ తెలియదు.

జ్వరం ప్రశ్న మళ్ళీ వచ్చింది. ఆవిడ వెంటనే, మందు పేరు, ఎన్ని చుక్కలు, ఏ డాక్టరు, అవతలింటి నర్సుతో ఫోన్ చేయించుకోవడం అన్నీ చెప్పింది. ఎవరూ నవ్వలేదు. అప్పుడు ఆ వకీలు అసలు బాణం తీశాడు.

"నిద్రలో పిల్ల ఏడిస్తే మీకెలా తెలుస్తుంది? చెప్పండి!"

అక్షరాలు పడ్డాయి. ఆవిడ చదివి, ఆయన వైపు కాదు, జడ్జిగారి వైపు తిరిగింది.

"మా పాప నన్ను ఏడిచి పిలవదండీ. మాటలు రాకముందే దానికి అర్థమైపోయింది. పాక్కుంటూ వచ్చి నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంటుంది. ఇద్దరం ఒకే పరుపు మీద, దాని కాలు నా పొట్ట మీద. అది కదిలితే నాకు మెలకువ వస్తుంది. ఏడుపు దాకా రానివ్వనండీ నేను."

వకీలు కాగితాలు సర్దుకున్నాడు. జడ్జిగారు పాపని లోపలికి పిలిపించారు. అది ఎవరినీ చూడకుండా తిన్నగా వచ్చి ఆవిడ ఒళ్ళోకెక్కి, రెండు చేతులా గడ్డం పట్టుకుని తిప్పుకుని, "ఇంటికెళ్దామా?" అంది. మెరుపు అది కూడా టైపు చేసింది. ఆవిడకి తెర అవసరం లేకపోయింది, దాని పెదవులు ఆవిడకి కంఠతా వచ్చు. పెదనాన్న వారానికోసారి వచ్చి చూసుకోవచ్చని, పిల్ల మాత్రం ఇక్కడే పెరుగుతుందని తీర్పు.

పెదనాన్న చెడ్డవాడేం కాదు. బయట నన్ను ఆపి, "ఆవిడతో ఇలా మాట్లాడొచ్చని నాకు తెలియదండీ. ఆ తెర ఇంటికి కూడా ఇస్తారా?" అని అడిగాడు.

నా చెవి సంగతి. ఒట్టు పెట్టావుగా, వెళ్ళాను. నరం కాదట! చెవిలో గింజంత ఎముక ఒకటి బిగుసుకుపోయిందట. లావు గొంతులు ముందు పోయాయని చెప్పగానే డాక్టరు తలూపి, పరీక్షలు చేసి, "చిన్న ఆపరేషను. ఆ ఎముక బదులు ఇంకోటి పెడతాం. చాలామందికి బాగానే వస్తుంది" అని, రోజు కూడా రాసిచ్చింది. మెట్లు దిగుతుంటే నెత్తి మీంచి బస్తా దించినట్టయింది. రోడ్డు పక్క అరుగు మీద కూర్చుని తనివితీరా ఏడ్చాను. ఒక ముసలాయన గొడుగు పట్టాడు, ఎందుకని అడగలేదు.

నీ అక్క


ఓడ మీద, డెక్ మెట్లు

అక్కా,

మూట దిగగానే అక్కడే నిలబడి చదివి, అరిచాను. మా వాళ్ళు కేబుల్ మళ్ళీ తెగిందనుకుని పరిగెత్తుకొచ్చారు. విషయం చెబితే అందరూ నా వీపు మీద చరిచారు, ఇంకా మండుతోంది.

ఆపరేషను రోజుకి అందుకోలేను. కట్టు విప్పే వారానికి నా సెలవు మొదలవుతుంది. మొన్నే అడిగి పెట్టుకున్నాను, డాక్టరు ఏమంటుందో తెలియకముందే. ఏమన్నా సరే నీ పక్కన ఉండాలనిపించింది, నీకు చెబితే వద్దంటావని చెప్పలేదు. నా పరుపు ఎండలో వేయించు.

పెదనాన్న అడిగింది మంచి పనే. ఆ ఇంటికి వైర్‌గార్డ్ చాలు, దాని చెవి దానికి విడిగా.

నీ చిట్టి


ఆఫీసు, మెట్ల పక్క గది

చిట్టీ,

నువ్వు బయల్దేరేలోపు ఇది అందుతుందో లేదో. డాక్టరు ఊరెళ్తోందని కట్టు ముందే విప్పేసింది. నువ్వొచ్చాక చెబుదామనుకున్నాను గానీ, నోరు కట్టుకోలేకపోతున్నాను.

మొదట ఏమీ లేదు. తర్వాత ఒక నీటిబుడగ పగిలినట్టయింది. నర్సు పళ్ళెంలో కత్తెర పెడితే ఉలిక్కిపడ్డాను. ఆవిడ నవ్వింది, ఆ నవ్వూ వినబడింది.

ఇంటికెళ్ళి పడుకోమన్నారు. వినలేదు, ఆఫీసుకే వచ్చాను. తలుపు తియ్యగానే గదిలో ఏదో జంతువు గురక పెడుతున్నట్టుంది. వెతుక్కుంటూ వెళ్తే రౌటర్లున్న బీరువా. లోపల చల్లగాలికి పెట్టిన ఫ్యాను అరిగిపోయి గుర్రుమంటోంది.

"ఇది ఎప్పట్నుంచి ఇలా అరుస్తోంది?" అన్నాను.

మెరుపు హెడ్‌ఫోన్ తీసి, గుడ్లప్పగించి చూసింది. "ఎండాకాలం నుంచి మేడమ్. మీరేమీ అనడం లేదని మేమూ..." అని, అంతలో సంగతి తట్టి, కుర్చీ తోసుకుంటూ వచ్చి నన్ను వాటేసుకుంది.

కొత్త ఫ్యాను తెప్పించాను, ఇప్పుడే వచ్చింది. మెరుపు పాతదాని వైరు పీకబోతుంటే, "ఒక్క నిమిషం ఉండవే" అన్నాను. ఆ బీరువాకి ఎడమ చెవి ఆనించి నిలబడ్డాను.

నీ అక్క